మా పాత కెమెరా డబ్బా కాదు

"అమ్మా, గా డబ్బాను ఇంకా తుడుస్తున్నవా?" అన్నాడు మా చిన్నోడు.

దసరాకు వారం ముందు మాట ఇది. ఇల్లు దులుపుతూ బీరువా మీదున్న కెమెరా సంచీ దింపాను. మా ఊళ్ళో ఏ వస్తువునైనా నాలుగు రోజులు తుడవకపోతే వేలితో దాని మీద పేరు రాయొచ్చు. అందుకే దీన్ని పాత పట్టుచీర ముక్కలో చుట్టి పెడతాను. డబ్బా అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను, కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి.

వాడికి కావలసింది నికాన్ జెడ్ సిక్స్ త్రీ. 2024 జూన్‌లో వచ్చిన మిర్రర్‌లెస్, ఫుల్ ఫ్రేమ్. వచ్చినప్పుడు ఒట్టి బాడీనే రెండున్నర లక్షలకు దగ్గర. డిగ్రీ అయిపోయింది, పెండ్లి ఫోటోలు తీస్తానంటున్నాడు. తియ్యనీ, అది చిన్నతనమని నేననుకోను. కానీ "గది లేకపోతే ఎవ్వరు బుకింగ్ ఇయ్యరే" అంటాడు చూడండి, దాని మీదే నా కొట్లాట.

బయటి ఊళ్ళవాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. గోదావరిఖనిలో దసరా అంటే లాభాల వాటా. సింగరేణికి వచ్చిన లాభంలో పెట్టుబడులకు పక్కన పెట్టింది పోను మిగిలినదాంట్లో 2024లో 33 శాతం కార్మికులకు ఇచ్చారు. మొత్తం 796 కోట్లు, ఒక్కొక్కరికి సగటున లక్షా తొంభై వేలు. సగటంటే సగటే, మస్టర్లను బట్టి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఆ వెనకే దీపావళి బోనసు, 2024లో 93,750. ఈ రోజుల్లో లక్ష్మీనగర్ బజార్లో నడవడానికి సందుండదు. బంగారం కొట్టాయన, బైకుల షోరూమాయన, సోఫాలమ్మే ఆయన, ఇప్పుడు కెమెరాలమ్మే ఆయన కూడా. మన ఇంటికి ఎంత వస్తుందో మనకంటే ముందు వాళ్ళకే తెలుసు. ఒక సగటు ఇంటి లాభాల వాటా, దీపావళి బోనసు రెండూ కలిపి ఒక కెమెరా బాడీలో పెడితే చేతిలో మిగిలేది ముప్పై నలభై వేలు. లెన్సు లేకుండా.

మా ఆయన మెత్తటి మనిషి. "కొనియ్యరాదే, పోరడు మోజు పడ్తుండు" అన్నారు. ఇరవై ఆరేండ్ల నుంచి బాయి దిగుతున్నారు, తన కోసం ఒక మంచి వాచీ కొనుక్కోలేదు. అలాంటివాళ్ళే పిల్లలు అడగంగానే సరే అంటారు. కాదనే పని మనకే పడుతుంది.

మా పాతది నికాన్ డి3200. 2012లో వచ్చిన మోడల్, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసింది. మేం 2013 దసరాకు కొన్నాం, ముప్పై వేల చిల్లర. అదీ లాభాల వాటాతోనే. అప్పుడు మా అత్తమ్మ "బొమ్మలు దిగుతందుకు గన్ని పైసలా" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడ మాటే ఇప్పుడు నా నోట్లోంచి వస్తోందని నాకు తెలుసు. మా ఆయన నవ్వుకుంటున్నారు కూడా.

బి.ఏ. తెలుగు చదివినదానికి కెమెరా గురించి ఏం తెలుసంటారేమో. దాని పైన తిప్పే చక్రం మీద గైడ్ అని ఒకటుంటుంది. పూలు తీయాలంటే ఇది, పరుగెత్తే పిల్లలను తీయాలంటే ఇది అని అదే చెప్తుంది. దాన్ని పట్టుకుని వంట అయ్యాక మధ్యాహ్నాలు నేర్చుకున్నాను. ఎఫ్ పక్కన అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుందని అర్థమవడానికి నాకు నెల పట్టింది. గణాలు విడగొట్టడం అంతకంటే సులువు.

సరే, డబ్బా అన్నాడు కదా, తేల్చుకుందామని మొన్న మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థానికి కరీంనగర్ వెళ్ళినప్పుడు నా కెమెరా నేను తీసుకెళ్ళాను. మావాడి దోస్తు ఒకడు జెడ్ సిక్స్ త్రీ తెచ్చాడు. ఒకే హాలు, ఒకే పిల్ల, ఒకే లైట్లు. రాత్రి ఇంటికొచ్చి రెండు కార్డులూ లాప్‌టాప్‌లో పెట్టి చూశాం.

అబద్ధమాడను. రాత్రి లైట్లలో కొత్తదే గెలిచింది. మాది ఐఎస్ఓ 3200 దాటిందంటే నల్లటి చోట్లన్నీ రవ్వ చల్లినట్టు అవుతాయి. దానికి 6400 దగ్గర కూడా పట్టుచీర అంచు అంచులాగే ఉంది. దాని సెన్సరు మాదానికంటే రెండింతలకు పైగా పెద్దది, వెలుతురు ఎక్కువ పడుతుంది. పిల్ల గాజులు తొడిగించుకోవడానికి వంగినా, తలతిప్పి నవ్వినా ఫోకస్ కంటిని వదలలేదు. మాదాంట్లో ఫోకస్ చుక్కలు 11, అందులో నేను నమ్మేది నడిమిది ఒక్కటే. మాది సెకనుకు నాలుగు తీస్తే అది పద్నాలుగు తీస్తుంది, చప్పుడు చెయ్యొద్దంటే చెయ్యదు. నేను నొక్కినప్పుడల్లా టప్పుమంటుంటే పంతులుగారు మంత్రం మధ్యలో ఒకసారి నావైపు చూశారు. వీడియో సంగతి ఎత్తనే ఎత్తను, అందులో మాదానికి పోటీయే లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, దీన్ని మావాడు చెప్పలేదు, నాకే తట్టింది. కొత్తదాంట్లో రెండు కార్డులు పడతాయి, మాదాంట్లో ఒక్కటే. ఆ ఒక్కటి పాడైతే తాళి కట్టిన ఫోటో పోతుంది. మళ్ళీ కట్టమనలేం కదా.

ఇంత ఒప్పుకున్నాక ఇక నా వంతు.

మాది 24.2 మెగాపిక్సెళ్ళు. పన్నెండేండ్ల తర్వాత వచ్చిన కొత్తది 24.5. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. పెండ్లి ఆల్బంలో ఒక పేజీ పన్నెండు అంగుళాలకు పద్దెనిమిది. అంగుళానికి మూడు వందల చుక్కల లెక్కన అచ్చు వేయాలంటే 5400కు 3600 చుక్కలు కావాలి. మా డబ్బా ఇచ్చేది 6016కు 4000. ఇంకా మిగులుతాయి. ఇక ఆల్బం తెరిచి చూసేది ఎందరు? మా చుట్టాలంతా ఫోటోలు చూసేది వాట్సాప్‌లో. అక్కడ మామూలుగా పంపితే పెద్ద వైపు 1600 చుక్కలకు కుదించేస్తుంది. నిశ్చితార్థం ఫోటోలు రెండు కెమెరాలవీ కలిపి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఏది దేనితో తీసిందో మా ఆడబిడ్డ చెప్పలేకపోయింది. పెండ్లికొడుకు తల్లి బాగుందన్న రెండు ఫోటోల్లో ఒకటి నాది, పొద్దున కిటికీ దగ్గర పిల్ల జడ వేయించుకుంటుండగా తీసింది.

"పాత లెన్సులు అడాప్టర్ పెట్టి దానికి వాడుకోవచ్చే" అన్నాడు మావాడు, ఖర్చు తక్కువని నన్ను నమ్మించడానికి. వాడుకోవచ్చు, నిజమే. కానీ మా లెన్సులు చిన్న సెన్సరు కోసం చేసినవి. వాటిని పెడితే కొత్త కెమెరా తన సెన్సరులో నడిమి ముక్కనే వాడుతుంది, ఫోటో సుమారు పది మెగాపిక్సెళ్ళకు వచ్చి ఆగుతుంది. రెండున్నర లక్షలు పెట్టి, మా డబ్బా ఇచ్చేదాంట్లో సగం కూడా రాని ఫోటో! అంటే లెన్సు కూడా కొత్తది కొనాల్సిందే, పెండ్లికి పనికొచ్చేది లక్షకు అటూ ఇటూ. వేగంగా రాసే కార్డు, దానికి రీడరు, ఫ్లాషు, ఇంకో రెండు బ్యాటరీలు. మాది ఒకసారి చార్జి చేస్తే కంపెనీ లెక్కలో 540 ఫోటోలు తీస్తుంది, కొత్తది నాలుగు వందల లోపు. పొద్దంతా మోయాల్సిన బరువు కూడా, మాది అర కిలో, అది ముప్పావు కిలో, లెన్సు కాక.

మాదాని లోపం చీకటి. దానికి మందు నేనెప్పుడో కనిపెట్టాను. కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు జూమ్ చివర 5.6 దగ్గర ఆగుతుంది. మూడేండ్ల కింద 35 ఎంఎం, 1.8 లెన్సు ఒకటి ఎవరో వాడింది ఎనిమిది వేలకు కొన్నాను. 5.6తో పోలిస్తే తొమ్మిది, పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. జూమ్ ఉండదు, మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. నిశ్చితార్థంలో మావాడు ఆ లెన్సు పెట్టడం మరిచిపోయాడు. నేను చెప్పేదాకా పాతదాన్ని పాత లెన్సుతోనే కొత్తదానితో పోటీ పెట్టాడు. మరిచిపోయాడో, కావాలని చేశాడో.

దుమ్ము సంగతి కూడా. మిర్రర్‌లెస్‌లో లెన్సు తియ్యగానే ఎదురుగా సెన్సరే ఉంటుంది. మాదాంట్లో ముందు అద్దం, దాని వెనక మూసిన షట్టరు ఉంటాయి. ఆఫ్ చేస్తే షట్టరు మూసుకునే ఏర్పాటు కొన్ని కొత్తవాటిలో ఉంది. అయినా ఓపెన్‌కాస్టులో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యాక కిటికీ రెక్క మీద చెయ్యి పెట్టి చూసినవాళ్ళెవరూ మా ఊళ్ళో ఆరుబయట లెన్సు మార్చరు.

ఇప్పుడు బుకింగుల మాట. ఇప్పటిదాకా మావాడికి వచ్చినవి రెండు. రెండూ చుట్టాలవే. పైసలు అడగడానికి మొహమాటం, ఇవ్వడానికి వాళ్ళకు ఇంకా మొహమాటం. ఒకరు షర్టు గుడ్డ పెట్టారు. ఒకరి ఆల్బం డిజైనింగుకు మేమే ఎదురు పెట్టుకున్నాం. ఆషాఢంలో పెండ్లిళ్ళుండవు, మూఢంలో ఉండవు, కిస్తీ మాత్రం ప్రతి నెలా ఉంటుంది. డబ్బు తీసుకుని, చెప్పిన రోజుకు ఆల్బం చేతిలో పెట్టేవాణ్ణి ప్రొఫెషనల్ అంటారని నేననుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాటను కెమెరా అట్టపెట్టె మీద అచ్చేసి అమ్ముతున్నారు.

మావాడు డబ్బా అన్నదానితో నేనేం తీశానో వాడికి ఒకటి గుర్తు చేశాను. మా ఆయనతో పాటు 11వ ఇంక్లైన్‌లో పనిచేసినాయన ఒకరు, ఐదేండ్ల కింద జబ్బు చేసి పోయారు. మా పక్క క్వార్టరే. పెద్దకర్మకు ఫోటో పెట్టాలంటే ఇల్లంతా వెతికినా గుర్తింపు కార్డు మీద బొమ్మ తప్ప లేదు, అదీ ఎప్పుడో చేరినప్పటిది. వాళ్ళ అక్క ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. 2014 సద్దుల బతుకమ్మ రోజు మా లైనులో అందరం దిగిన ఫోటో నా దగ్గరుంది. ఇరవై మందిలో వెనక వరసలో ఆయన, పక్కవాళ్ళ మాటకు నవ్వుతూ. ఆ ముఖం వరకు కత్తిరించి పెద్దది చేయించాం. ఇప్పటికీ వాళ్ళింట్లో దండ వేసి ఉన్నది అదే. కాస్త పలచబడింది, చెవి దగ్గర మసకగా ఉంటుంది. ఆ ఫోటోలో ఐఎస్ఓ ఎంతని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మా ఆయన పనిలో ఉన్న ఫోటో మాత్రం మా దగ్గర ఒక్కటీ లేదు. ఉండదు కూడా. బాయి దిగేముందు జేబులు తడిమి పంపిస్తారు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోను, ఏదీ లోపలికి పోదు. గ్యాసు ఉండే చోటు, చిన్న నిప్పురవ్వ చాలు. మా ముప్పై వేలదీ, వాడి రెండున్నర లక్షలదీ అక్కడ బయటే ఉండాలి. అందుకే నైట్ షిఫ్టు దిగి పొద్దున ఇంటికొచ్చాక, గేటు దగ్గర చెప్పులు విడుస్తుండగా ఒకసారి తీశాను. స్నానం చేసి వచ్చినా కంటి రెప్పల అంచున బొగ్గు కాటుకలాగా మిగిలే ఉంది. చెయ్యి కదిలింది, ఫోటో కొంచెం వణికింది. ఈ మధ్య పెండ్లి ఫోటోల్లో నల్లని ముఖాలన్నిటినీ కంప్యూటర్‌లో తెల్లగా చేసి ఇస్తున్నారే, ఆ ఫోటోను ఆ పనికి ఎవరికీ ఇవ్వనని మావాడితో అప్పుడే చెప్పాను.

కొత్తది ఎప్పటికీ వద్దనడం లేదు. రాత్రి పెండ్లికి, రెండు కార్డులకు, వీడియోకు అది కావాలి, ఒప్పుకున్నాను కదా. నేను పెట్టిన షరతు ఒక్కటే. ఆ కెమెరా అద్దెకు దొరుకుతుంది. కార్తీకంలో మూడు పెండ్లిళ్ళు పట్టు. చుట్టాలవి కాదు, పరాయివాళ్ళవి. పెండ్లి రోజుకు అది అద్దెకు తెచ్చుకో, పసుపు, మంగళస్నానం లాంటి పగటి పనులు మన డబ్బాతో చెయ్యి. అద్దె పోను ఏం మిగిలిందో నోటుబుక్కులో రాసి చూపెట్టు. అప్పుడు దీపావళి బోనసు నేనే తీసి ఇస్తాను, మిగతాది నువ్వు సంపాదించిందాంట్లోంచి కట్టు. అప్పటిదాకా ఆ డబ్బు బ్యాంకులో నా పేరు మీద ఉంటుంది. మా ఆయన వాడివైపు చూసి "అమ్మ చెప్పింది విను" అని లేచి డ్యూటీకి వెళ్ళిపోయారు, ఎప్పటిలాగే.

వాడు రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. ఇంకా సరే అనలేదు. నిన్న ఎన్టీపీసీ దగ్గర ఎవరింట్లోనో పసుపు ఫంక్షన్ ఉందని ఫోను వచ్చింది. ఎవరని అడిగితే చెప్పలేదు. రాత్రి నీళ్ళకు లేచి చూస్తే, డబ్బా బ్యాటరీ చార్జింగ్‌లో పెట్టి ఉంది.