శుక్రవారం పొద్దున డ్రమ్ములు తోముదాం రండి!

చిత్తూరు, తిరుపతి వీధుల అక్కలకు, అన్నలకు, పెద్దలకు:

2006లో చికున్‌గున్యా మన సీమను ఎట్లా కుదిపేసిందో మర్చిపోలేదు కదా. ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు మంచాన పడినారు. జ్వరం పోయినా కీళ్లనొప్పులు నెలల తరబడి వదల్లేదు. చెంబు పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకునేవి కావు. ఆ ఏడు దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు.

1964–65లో ఇదే జబ్బు మదరాసునూ, కోస్తాలో విశాఖ, కాకినాడ, రాజమండ్రినీ చుట్టేసింది. అప్పుడది పట్నాల జబ్బు. నలభై ఏళ్లకు చినుక్కే కరువైన మన పల్లెలకు ఎట్లా వచ్చినట్టు?

దాన్ని మోసేది ఏడిస్ దోమ. నల్లటి ఒంటిమీద తెల్లచారలు, పగలే కుడుతుంది. పుట్టిల్లు ఆఫ్రికా. ఓడల్లోని నీళ్ల పీపాల్లో దేశాలు దాటింది. సొంత రెక్కల మీద నాలుగు వందల మీటర్లు పోతే గొప్ప! మురుక్కాలవ దానికి నచ్చదు, నిలవుంచిన తేటనీళ్లు కావాల. చెరువులు ఎండి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక, వాకిట్లో డ్రమ్ములూ తొట్లూ మనమే నింపి పెట్టినాము. పంచర్ అంగళ్ల ముందు టైర్ల గుట్టలు సరేసరి. (దీని చుట్టం ఆసియా పులిదోమ పాత టైర్ల వ్యాపారంతోనే అమెరికా చేరింది. 1985లో హూస్టన్‌లో దొరికింది.)

డ్రమ్ము కుమ్మరిస్తే సరిపోదు. లోపలికి తొంగి చూడండి: నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటుకుని నల్లటి నలుసులుంటాయి. అవే గుడ్లు. ఎండినా నెలల తరబడి చావవు. నీళ్లు తగిలితే వారం పది రోజుల్లో దోమలు. అందుకే టెంకాయ పీచుతో గోడంతా గట్టిగా రుద్దాల, నీళ్లు ఎండిన నేలమీద పారబోయాల, నింపినాక గుడ్డ కట్టి మూయాల. కడగలేని సంపుకు అబేట్ మందు వేయమని ఆరోగ్య కార్యకర్తను అడగండి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, మిద్దె మీది పగిలిన కుండ కూడా చూడండి. పొగ కొట్టే బండి కోసం కూర్చోవద్దు. పొగకు ఎగిరే దోమ చస్తుంది, గుడ్డు చావదు.

“కొళాయి రోజూ వస్తే డ్రమ్ములెందుకు?” అంటారు కొందరు. న్యాయమైన మాటే. అర్జీ పెడదాం, అందరూ సంతకం చేయండి. అర్జీ కదిలేలోపు దోమ మునిమనవళ్లను ఎత్తుకుంటుంది!

కార్తీక వానలు ముదరకముందే, ఈ శుక్రవారం పొద్దున 7 గంటలకు వీధి కొళాయి దగ్గరికి రండి. పీచు, చీపురు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. ముసలోళ్లు ఒంటరిగా ఉండే ఇళ్ల డ్రమ్ములు కుర్రోళ్లు తోముతారు. తాళమేసిన ఇళ్లవాళ్లకు పక్కింటివాళ్లు ముందే ఫోన్ చేసి తాళంచెవి అడిగి పెట్టండి.

— ఇట్లు, మీ వీధి జనం