మన అప్పుల చరిత్ర ఎవరి పుస్తకంలో ఉంది?



గత నెల మన యూనియన్ కార్యవర్గ సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. కార్ఖానాల్లో పని చేసే మన కుర్రవాళ్లకు బ్యాంకు అప్పు ఎలా పుడుతుందో, సిబిల్ స్కోరు అంటే ఏమిటో చెప్పడానికి ఒక ఆదివారం మీటింగు పెడదామన్నాను. వెంటనే ఒక పెద్దాయన లేచి, "అప్పు చేసి పప్పుకూడు తినడం నేర్పడానికా యూనియన్ ఉన్నది?" అన్నారు. ఇంకొకరు, "సిబిల్ పెట్టుబడిదారుల కంపెనీ, దాని లెక్కలు మనకెందుకు?" అన్నారు. ఇద్దరూ నాకంటే ముందు నుంచి జెండా మోసినవారు. వారంటే నాకు గౌరవం. అయినా వారి మాట తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది మన పిల్లలు. కనుక ఆ రోజు ఇచ్చిన జవాబే ఇక్కడ అందరి ముందూ పెడుతున్నాను.

ముందు ఆ ప్రతిపాదన ఎందుకు పెట్టానో చెప్పాలి. మన షోలాపూర్ పూర్వ భాగ్‌లోని ఒక టవల్ కార్ఖానాలో పనిచేసే 23 ఏళ్ల కుర్రవాడు యూనియన్ ఆఫీసుకు వచ్చాడు. ఐదేళ్లుగా సాంచాల మీద పని. చెల్లెలి నర్సింగ్ చదువు ఫీజు కోసం 50,000 రూపాయల అప్పు కావాలని బ్యాంకుకు పోయాడు. "నీ పేరు మీద ఏ రికార్డూ లేదు, ఎట్లా ఇస్తాం?" అని పంపించేశారు. రికార్డు ఎట్లా వస్తుందంటే, అప్పు తీసుకుని కడితే వస్తుందట! పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత ఇదే కదా.

ఇక ఆ పిల్లవాడు ఏం చేస్తాడు? ఫోనులో ఒక యాప్ పట్టుకున్నాడు. 6,000 రూపాయల అప్పు అన్నారు. చేతికి వచ్చింది 4,200. పదిహేను రోజుల్లో 6,000 కట్టాలి. లెక్క వేయండి. 4,200 మీద 1,800, అంటే నూటికి దాదాపు 43 రూపాయలు, అదీ 15 రోజులకే! నెలకు నూటికి మూడు రూపాయలు తీసుకునే పాత వడ్డీ వ్యాపారి దీని ముందు ధర్మాత్ముడు. గడువు దాటిన మరునాడే వాడి ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు మొదలయ్యాయి. వాడి మేనత్తకు చేశారు. కార్ఖానా జాబర్‌కు చేశారు. తల ఎత్తుకోలేక నాలుగు రోజులు పనికి పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాడికి నిజంగా చరిత్ర లేదా? అదే కార్ఖానాలో మాలక్ దగ్గర రెండుసార్లు 30,000 చొప్పున అడ్వాన్సు తీసుకున్నాడు. వారం వారం పగార్‌లో కోత పెట్టించుకుని రెండుసార్లూ పైసాతో సహా తీర్చాడు. అరవై వేల అప్పు తీర్చిన మనిషికి చరిత్ర లేదట! చరిత్ర ఉంది సోదరులారా. కాని అది మాలక్ ఖాతా పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం బీరువాలో ఉంది. బీరువా తాళం చెవి మాలక్ నడుముకు ఉంది.

నా సంగతే చెబుతాను. నేను పందొమ్మిదో ఏట మిల్లులో చేరాను. అక్కడ కార్మికుల పరపతి సంఘం ఉండేది. పగార్‌లో పట్టుకునేవారు, పాస్‌బుక్కులో రాసేవారు. అక్క పెళ్లికి అప్పు తీసుకుని తీర్చాను. మిల్లు మూతపడింది, సంఘమూ పోయింది, పాస్‌బుక్కు చిత్తుకాగితమైంది. తరువాత పదకొండేళ్లు ఒక సాంచాల కార్ఖానాలో చేశాను. అడ్వాన్సు తీసుకోవడం, తీర్చడం, మళ్లీ తీసుకోవడం. పక్క కార్ఖానాలో మీటరుకు రేటు ఎక్కువ ఇస్తామంటే, "బాకీ కట్టి పో" అన్నాడు మాలక్. పోలేకపోయాను. నలభై అయిదో ఏట ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకు పోతే నాకూ అదే మాట: రికార్డు లేదు. జీవితమంతా అప్పు తీర్చినవాణ్ని, బ్యాంకు కాగితాల్లో మాత్రం నిన్న పుట్టినవాణ్ని.

కనుక మొదటి పెద్దాయనకు నా జవాబు ఇది. మన వాళ్లు అప్పు చేయడం మానరు, మానలేరు. కాన్పు ఆగదు, ఫీజు ఆగదు, వర్షానికి కారే రేకులు ఆగవు. అప్పు చేయాలా వద్దా అన్నది మన ముందున్న ప్రశ్న కాదు. ఎవరి దగ్గర, ఏ వడ్డీకి, ఎవరి పుస్తకంలో అన్నదే ప్రశ్న. "అప్పు జోలికి పోవద్దు" అని మనం నీతి చెప్పి ఊరుకుంటే కుర్రవాడు పోయేది మాలక్ దగ్గరికో, యాప్ దగ్గరికో. మాలక్ ఇచ్చే అడ్వాన్సు దయ కాదు, కాలికి కట్టిన తాడు. అడ్వాన్సు మెడ మీద ఉన్నవాడు రేటు అడగడు, సమ్మెకు రాడు. ఇది యూనియన్ పని కాకపోతే ఇంకేది యూనియన్ పని?

రెండవ ఆయనకు జవాబు. అవును, సిబిల్ ప్రభుత్వ ఆఫీసు కాదు. 2000లో మొదలైన ప్రైవేటు కంపెనీ, ఇప్పుడు అందులో పెద్ద వాటా అమెరికాకు చెందిన ట్రాన్స్‌యూనియన్‌ది. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకా మూడున్నాయి. 300 నుంచి 900 దాకా మన మీద మార్కులు వేస్తారు. మన నిజాయితీకి వాళ్లెవరు మార్కులు వేయడానికి అన్న కోపం నాకూ ఉంది. కాని మిల్లు గడియారం కూడా మాలక్‌దే. అది మనది కాదని టైము చూడడం మానుకున్నామా? చూసి, ఎనిమిది గంటల పనిదినం కోసం కొట్లాడాము. ఇదీ అంతే. లెక్క తెలిస్తేనే మోసం తెలుస్తుంది.

మన చేతిలో ఉన్న హక్కులు కూడా మనకు తెలియవు. మొదటిసారి అప్పు అడిగేవారిని, చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపరాదని 2025 జనవరి 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశంలో ఉంది. అదే సంవత్సరం కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభలో ఈ మాటే చెప్పారు. ఆ కుర్రవాణ్ని పంపించేసిన బ్యాంకువారికి ఇది తెలియదా? తెలియకపోతే మనం చెప్పాలి. కాదంటే కారణం రాసి ఇవ్వమని అడగాలి.

యాప్‌ల సంగతి కూడా అంతే. అప్పు డబ్బు నేరుగా మన ఖాతాలోకి రావాలి, ఖర్చులన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో ముందే చూపాలి, ఫోనులోని పేర్లు నంబర్లు తీయరాదు అని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది. మేనత్తకు ఫోను చేసినవాడు నియమం తప్పినవాడు. తల దించుకోవలసింది వాడు, మన పిల్లవాడు కాదు.

ఇక కుర్రవాళ్లకు నాలుగు మాటలు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రికార్డు కోసం పెద్ద అప్పు చేయనక్కరలేదు. చిన్నది తీసుకుని తేదీకి కట్టడమే రికార్డు. జన్‌ధన్ ఖాతాను ఆరు నెలలు సరిగా నడిపినవారు 10,000 రూపాయల వరకు ఓవర్‌డ్రాఫ్టు అడగవచ్చు. ఇంట్లో తులం బంగారం కుదువ పెట్టవలసి వస్తే మార్వాడీ దుకాణంలో కాక బ్యాంకులో పెట్టండి, కట్టినది మీ పేరున రాస్తారు. కొన్ని బ్యాంకులు ఫిక్సెడ్ డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు ఇస్తాయి. దానితో నెలకు వెయ్యి రూపాయల కిరాణా సామాను కొని, బిల్లు మొత్తం గడువులోగా కట్టేయండి. "కనీసం ఇంత కడితే చాలు" అని బిల్లులో ఒక చిన్న అంకె ఉంటుంది, అది ఎర. మిగిలిన దాని మీద నెలకు నూటికి మూడు, మూడున్నర వడ్డీ పడుతుంది. ఇట్లా ఆరు నెలలు నడిస్తే మీ పేరు మీద స్కోరు కనిపించడం మొదలవుతుంది.

ఇంటి పక్కన వేసే భిశీ, చీటీ ఎంత నిజాయితీగా కట్టినా ఆ లెక్కలోకి రాదు. కాని స్నేహితుని ఫోను కిస్తీకి మీరు పెట్టిన జామీను సంతకం మాత్రం వస్తుంది. వాడు ఎగ్గొడితే మచ్చ మీకు. ఒకేసారి నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టకండి. "సిబిల్ బాగు చేస్తాం, అయిదు వేలు ఇవ్వండి" అనేవాడు దొంగ. మీ రిపోర్టును ఏడాదికి ఒకసారి ప్రతి కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. తప్పు ఉంటే ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ 26 నుంచి నియమం ఉంది. ఫిర్యాదు కాగితం రాయడం రాకపోతే ఆఫీసుకు రండి, రాసి పెడతాము.

అయితే ఇదంతా చేసినా ఒక గోడ మిగులుతుంది. చరిత్ర అడగకపోయినా బ్యాంకు ఆదాయానికి రుజువు అడుగుతుంది. అందులో తప్పు లేదు. ఆ రుజువు మనకు ఇవ్వనిది ఎవరు? మాలక్! వారం పగార్ నోట్ల రూపంలో చేతిలో పెడతాడు. పగార్ చిట్టీ లేదు, నియామక పత్రం లేదు, హాజరు కార్డు లేదు. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కార్మిక కోడ్‌లతో మన తగువు వేరే ఉంది. కాని పగార్ చిట్టీ, నియామక పత్రం ఇవ్వాలన్న మాట వాటిలోనూ ఉంది. మాలక్‌లకు కోడ్‌లో తమకు పనికివచ్చే పేజీలే కనిపిస్తున్నాయి.

మన తాతలు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు నుంచి మగ్గం పని ఒక్కటే చేత పట్టుకుని ఈ ఊరికి వచ్చారు. షోలాపూర్ చద్దర్‌కు దేశమంతటా పేరు తెచ్చింది ఆ చేతులే. ఆ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు కాగితం ఉంది. నేసినవానికి మాత్రం ఒక పగార్ చిట్టీ లేదు!

కనుక మన డిమాండ్లు ఇవి. పగార్ బ్యాంకు ఖాతాలో వేయాలి. ప్రతి పగార్‌కూ చిట్టీ ఇవ్వాలి. నియామక పత్రం ఇవ్వాలి. అడ్వాన్సు ఇచ్చినా, కోసినా, తీరినా దస్తఖత్తు పెట్టిన కాగితం కార్మికుని చేతికి ఇవ్వాలి. బాకీ పేరు మీద ఎవరినీ పని మారకుండా ఆపరాదు.

కార్యవర్గంలో నా ప్రతిపాదన ఇంకా తేలలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ పెడతాను. ఒప్పుకోని పెద్దలు కూడా ఆ ఆదివారం వచ్చి ముందు వరసలో కూర్చోవాలని నా మనవి. వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క కుర్రవాణ్ని వెంట తీసుకురండి. వాడు తీర్చిన అప్పు ఎంతో అడగండి. దానికి ఒక్క కాగితమైనా ఉందేమో అడగండి. ఆ తరువాత ఇది యూనియన్ పని అవునో కాదో మీరే చెప్పండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

కార్యదర్శి