ప్రార్థన బేరం కాదు
కూతురి పెళ్లికి చేసిన అప్పు, భర్త ఆపరేషన్, కొడుక్కి రాని ఉద్యోగం... మన ఊళ్లలో క్రైస్తవ గృహ కూడికల్లో ‘ప్రార్థన అంశాలు చెప్పండి’ అనగానే చాప మీద కూర్చున్న ఆడవాళ్ల నోట ముందుగా వచ్చేవి ఇవే. ప్రార్థిస్తే అప్పు తీరుతుందా అని ఎగతాళి చేసేవాళ్లకూ, తీరి తీరుతుందని హామీలిచ్చే బోధకులకూ నా జవాబు ఒకటే: బైబిల్ అలా బేరం పెట్టలేదు. దేనికీ చింతపడకుండా కృతజ్ఞతతో దేవునికి విన్నవించుకోమని ఫిలిప్పీ సంఘానికి రాసేనాటికి అపొస్తలుడైన పౌలు సంకెళ్లలో ఉన్నాడు. అక్కడ ఆయన చెప్పింది కోరిక నెరవేరుతుందని కాదు, దేవుని శాంతి మనసుకు కావలి ఉంటుందని. గెత్సేమనే తోటలో యేసు తొలగించమని ప్రార్థించిన శ్రమల గిన్నె తొలగలేదు. ఆయన మాత్రం లేచి దానికి ఎదురెళ్లాడు. 150 కీర్తనల్లో ఎన్నో మొరలే, ఫిర్యాదులే. అంటే దేవుని ముందు ధైర్యం నటించనక్కర్లేదు, ఏడవొచ్చు, నిలదీయొచ్చు. లోపల గూడుకట్టుకున్న దిగులు నోట పలికాక, పక్కనున్నవాళ్లు ‘ఆమేన్’ అన్నాక, ఆ బాధ ఇక ఒక్కరిదే కాదు. ప్రార్థన ఇచ్చే నెమ్మదిలో సగం అక్కడే ఉంది. అందుకే మోకరించండి, మందులు మాత్రం మానకండి; ‘ఆమేన్’ అన్నవాళ్లు మర్నాడు ఆ ఇంటి తలుపు కూడా తట్టండి.