చేయి వదలిన కణము



క్యాన్సరు అని వినగానే మన ఇండ్లలో మొదట అడిగే ప్రశ్న, "గడ్డ ఎంత ఉన్నది?" అని. వైద్యులకు అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. "అది పుట్టినచోటనే ఉన్నదా, వేరేచోటికి పాకినదా?" అని వారు చూస్తారు. క్యాన్సరుతో మరణించేవారిలో అత్యధికులు మొదటి గడ్డ వలన గాక, అక్కడినుండి కదలి ఊపిరితిత్తులలోనో, కాలేయములోనో, ఎముకలలోనో స్థిరపడిన కణముల వలన ప్రాణము కోల్పోతారు. గనుక ఉన్నచోట ఉండవలసిన కణము ఎట్లు కదులుతుందో ఈ నెల తెలిసికొందాము. ఇది తెలియక ఒక కుటుంబము తరతరాలుగా తన బిడ్డలను సమాధి చేసికొన్నది. తెలిసిన తరువాత అదే కుటుంబములో అనేకుల ప్రాణములు దక్కినవి.

మన కడుపు లోపలి పొరను, రొమ్ములోని పాలనాళములను కప్పియుండే కణములు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. బడిపిల్లలు చేతులు పట్టుకొని వరుసగా నిలిచినట్లు ఊహించుకొనండి. ఆ చేతులే కణము పైపొరమీది ప్రోటీనులు. వాటిలో ముఖ్యమైనదానికి ఇ-క్యాడ్‌హెరిన్ అని పేరు. దాని ఒక కొస బయటికి వచ్చి పొరుగు కణము చేతిని పట్టుకొంటుంది. రెండవ కొస లోపల, కణమునకు ఆకారమునిచ్చే సన్నని పోగులతో ముడిపడి ఉంటుంది. ఈ పట్టు నిలవాలంటే కాల్షియము అవసరము. జపాను శాస్త్రజ్ఞుడు మసతోషి తకెయిచి 1970లలో ఈ సంగతి కనిపెట్టి, 1980లలో ఈ ప్రోటీనులకు క్యాడ్‌హెరిన్ అని పేరు పెట్టారు.

చేయి వదలినంత మాత్రాన కణము నడవలేదు. నడవడానికి పట్టు కావాలి. ఇంటెగ్రిన్ అనే మరొక రకము ప్రోటీనులు ఆ పట్టునిస్తాయి. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుని చూచియుంటారు. మోకును పైకి జరిపి, బిగించి, ఆ పట్టుతో దేహమును పైకి లాగుకొని, మరల మోకు వదులు చేస్తాడు. కణము కూడ అంతే. ముందువైపు ఇంటెగ్రిన్‌లతో చుట్టూ ఉన్న పీచును పట్టుకొని, దేహమును ముందుకు లాగుకొని, వెనుక పట్టు వదులుతుంది. దారికి పీచు అడ్డమైతే దానిని కోసివేసే ప్రోటీనులు కూడ కొన్ని కణముల పైపొరమీదనే ఉంటాయి. ఈ విధముగా కణము రక్తనాళములోనికి చొరబడుతుంది. అట్లు బయలుదేరినవాటిలో అధిక భాగము దారిలోనే నశిస్తాయి. మిగిలిన కొద్దిపాటివే ప్రాణాంతకమవుతాయి.

1991లో బెల్జియము దేశపు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ఒక సంగతి చూపించారు. చొచ్చుకొనిపోయే కణములకు ఇ-క్యాడ్‌హెరిన్‌ను తిరిగి ఇస్తే, వాటి దూకుడు తగ్గింది. అయితే మనుష్యుల విషయములో దీని విలువ తెలిసినది న్యూజిలాండులోని ఒక మావోరీ కుటుంబము వలన.

ఆ కుటుంబములో 30 ఏండ్లలో సుమారు 25 మంది కడుపు క్యాన్సరుతో మరణించారు. అందులో 14 ఏండ్ల ప్రాయములో పోయినవారు కూడ ఉన్నారు. వంశమునకు శాపము తగిలినదని కొందరు నమ్మారు. అయినను ఆ కుటుంబపువారు ఆ మాటతో సరిపెట్టుకొని కూర్చోలేదు. ఒటాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులను తామే సంప్రదించి, తమ వంశావళిని వారి ముందుంచారు. 1998లో ప్యారీ గిల్‌ఫర్డ్, ఆయన సహచరులు కారణమును ప్రకటించారు. ఇ-క్యాడ్‌హెరిన్‌ను తయారుచేసే జన్యువులో పుట్టుకతోనే లోపమున్నది. అట్టి లోపము గల తల్లినుండిగాని తండ్రినుండిగాని, ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా అది సంక్రమించుటకు సగము అవకాశమున్నది.

ఈ రకపు క్యాన్సరులో కణములు గడ్డ కట్టవు. చేతులు వదలిన పిల్లలవలె ఒక్కొక్కటిగా కడుపు పొర అడుగున చెదరిపోతాయి. గొట్టము వేసి చూచినా తొలిదశలో తరచు కనబడవు. అందుచేత లోపము ఉన్నదని రక్తపరీక్షలో తేలినవారిలో అనేకులు, జబ్బు ముదరకముందే కడుపును పూర్తిగా తీయించుకొన్నారు. అది చిన్న నిర్ణయము కాదు. అన్నవాహికను చిన్నప్రేగుకు కలుపుతారు. ఆ తరువాత కొద్దికొద్దిగా పలుమార్లు తినాలి, జీవితాంతము బి12 విటమిను తీసికోవాలి. ఆరోగ్యముగా కనబడినవారినుండి తీసిన కడుపులను సూక్ష్మదర్శినితో పరీక్షించగా, వాటిలో చాలవాటియందు చెదరిన క్యాన్సరు కణములు అప్పటికే ఉన్నవి! ఈ లోపమున్న స్త్రీలకు ఒక రకపు రొమ్ము క్యాన్సరు ముప్పు కూడ ఎక్కువ. దానిలో కణములు చీమల బారువలె వరుసగా సాగుతాయి గనుక గడ్డగా చేతికి తగలకపోవచ్చు.

అయితే చేయి వదలిన కణము మాత్రమే ప్రమాదమనుకోరాదు. కొన్ని కణములు చేతులు వదలకుండ గుంపుగానే కదులుతాయి. ఎలుకలలో కొన్ని రకముల రొమ్ము క్యాన్సరును పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞులు 2019లో ఒక విశేషము ప్రకటించారు. ఇ-క్యాడ్‌హెరిన్ పోయిన కణములు చుట్టుప్రక్కలకు ఎక్కువగా చొచ్చుకొనిపోయినవి గాని, దూరప్రయాణములో ఎక్కువగా చచ్చినవి. ఒంటరితనము వాటికిని చేటే. గనుక ఒక్క మందుతో ఈ నడక అంతటినీ ఆపగలమని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక మన ఇండ్ల సంగతి చూద్దాము. "పాకినది" అని వైద్యులు అనగానే, మనవారిలో కొందరు రోగికి కంచము, గ్లాసు వేరుగా పెడతారు. మనుమలను దగ్గరకు పోనివ్వరు. ఆ కణము రోగి దేహములోనే పాకుతుంది గాని మంచము ప్రక్కన కూర్చున్నవారికి పాకదు. బాధలో ఉన్న మనిషి చేయి మనము వదలనక్కరలేదు.

రెండవది, దాచవద్దు. ఆడపిల్ల పెండ్లి చెడిపోతుందని, తాతగారు కడుపు క్యాన్సరుతో పోయినారన్న మాటను మరుగుచేసే కుటుంబములు ఎన్నో ఉన్నవి. కడుపు క్యాన్సరులలో వంశపారంపర్యముగా వచ్చేవి నూటికి 1 నుండి 3 మాత్రమే. గనుక ఇంట్లో ఒకరికి వచ్చినదని అందరు భయపడనక్కరలేదు. కాని దగ్గర బంధువులలో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, చిన్న వయస్సులో వచ్చినా, అమ్మవైపు నాన్నవైపు మూడు తరాల వివరములు ఒక కాగితముమీద వ్రాయండి. ఎవరికి ఏ క్యాన్సరు, ఏ వయస్సులో అన్నది చాలు. దానిని క్యాన్సరు వైద్యునికి చూపించి, జన్యుపరీక్ష అవసరమా అని అడగండి.

శాపమన్న మాట ఆ మావోరీ కుటుంబములో ఒక్కరినైనా కాపాడలేదు. దాచక విప్పిచెప్పిన వంశావళి కాపాడినది. మన ఇండ్లలో ఆ వివరములు తెలిసిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకను ఉండగానే వారి ప్రక్కన కూర్చుండి అడిగి వ్రాసికొందాము.