కర్త ఎవడో చెప్పే ఇంగ్లీషు కావాలి

'దళితులు కొట్టబడ్డారు.' ఎవరు కొట్టారు? ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు అడిగినా చెప్పదు. మన అమ్మ ఎప్పుడైనా 'నేను తిట్టబడ్డాను' అన్నదా? 'ఫలానా ఆసామి తిట్టాడ్రా' అంటుంది. పేరు పెట్టి చెబుతుంది. ఇంగ్లీషు పేపరు మాత్రం 'టూ దళిత్స్ వర్ కిల్డ్ ఇన్ ఎ క్లాష్' అని రాస్తుంది. చంపినవాడు వాక్యంలోంచి దర్జాగా నడిచి వెళ్ళిపోతాడు. పైగా 'క్లాష్' అట! 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగింది కొట్లాటా? ఊచకోత. దానికి ఇంగ్లీషులో 'మాసకర్' అని వేరే మాటే ఉంది.

బళ్ళో దీన్ని 'పాసివ్ వాయిస్' అన్నారు. మార్కుల కోసం మనమంతా అటూ ఇటూ మార్చి రాసినవాళ్ళమే. కర్తను దాచడానికి ఇది ఎంత బాగా పనికొస్తుందో మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు.

మేము మా పేటలో సాయంత్రాలు కూడి ఇంగ్లీషు నేర్చుకుంటున్నాం. ఎ బి సి డిలు రానివాళ్ళం కాదు. పది పాసయ్యాం, కొందరం ఇంటరూ డిగ్రీ దాటాం. చదివితే సగం అర్థమవుతుంది. ఆఫీసరు ఇంగ్లీషులో నోరు తెరిస్తే మాత్రం గొంతు పట్టేస్తుంది. ఏరు సగం ఈదినవాళ్ళం. వెనక్కి పోలేం, ఒడ్డు అందలేదు.

మమ్మల్ని చూసి రెండు రకాల పెద్దమనుషులు సలహాలిస్తున్నారు. మొదటివాళ్ళు 'మాతృభాషను మరవకండి' అంటారు. అయ్యా, మరిచిందెవరు? మన తెలుగును మాలమాదిగల భాష అని వెక్కిరించి, మన మాటను పుస్తకంలోకి రానివ్వనివాళ్ళే ఇప్పుడు దానికి కాపలాదారులా? 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు తన బళ్ళను ఇంగ్లీషు మీడియం చేస్తామని ఉత్తర్వు ఇస్తే గగ్గోలు పుట్టింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గగ్గోలు పెట్టినవాళ్ళలో ఎందరు తమ పిల్లల్ని తెలుగు బడికి పంపారు? మేము అడిగేది ఇదొక్కటే.

రెండో రకం వాళ్ళు 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' అమ్మేవాళ్ళు. గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ, థాంక్యూ నేర్పి ఫీజు గుంజుతారు. దండం పెట్టే ఇంగ్లీషు అది. మనకు ప్రశ్న వేసే ఇంగ్లీషు కావాలి.

ఎందుకంటే హైకోర్టులో, సుప్రీంకోర్టులో మన బతుకు తేలేది ఇంగ్లీషులోనే. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పును ఇంకొకరు చదివి చెబితే తప్ప తెలుసుకునే వీలు బాధితుల్లో ఎంతమందికి ఉంది?

సావిత్రిబాయి ఫూలే తన 1854 నాటి పుస్తకంలోనే ఇంగ్లీషు నేర్వమని మనవాళ్ళకు చెప్పింది. బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన' ఇంగ్లీషులో రాశాడు. లాహోరు సభ పెట్టినవాళ్ళు భయపడి సభనే రద్దు చేస్తే, సొంత ఖర్చుతో అచ్చు వేశాడు.

అందుకని అన్నలారా, అక్కలారా, గ్రామరును మన పనిలో పెట్టి సాధన చేద్దాం. మేము చేస్తున్నది చెబుతాం.

పేపర్లో 'వర్ కిల్డ్', 'వాజ్ బీటెన్' కనబడితే 'బై హూమ్?' అని అడుగుతాం. కర్తను ముందుకు లాక్కొచ్చి వాక్యం తిరగరాస్తాం. తెలుగులో క్రియ చివర ఉంటుంది, ఇంగ్లీషులో కర్త వెనకాలే వస్తుంది. 'దే బీట్ అజ్.' వాళ్ళు, కొట్టారు, మమ్మల్ని. మూడు మాటల్లో కేసంతా ఉంది.

తేదీ చెప్పేటప్పుడు 'హావ్' పెట్టం. 'ఐ హావ్ గివెన్ ది కంప్లైంట్ ఎస్టర్‌డే' తప్పు. 'ఐ గేవ్ ది కంప్లైంట్ ఎస్టర్‌డే' ఒప్పు.

జీవోలో 'షల్' ఉందా, 'మే' ఉందా చూస్తాం. 'షల్' అంటే చేసి తీరాలి. 'మే' అంటే మామూలుగా ఆఫీసరు చేతిలో పని. ఈ చిన్న మాట తెలియకే ఎన్నోసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాం.

మాటలు ఒంటరిగా బట్టీ పట్టం, కుటుంబంతో సహా పడతాం. అప్లై, అప్లికేషన్, అప్లికెంట్. ఎక్యూజ్, ఎక్యూజ్డ్, ఎక్యుజేషన్. ఒక్కో మాటతో మన ఊరి సంగతి ఒక వాక్యం రాసి, పైకి చదివి, పక్కవాడి చేత దిద్దిస్తాం.

ఒక్కటే కట్టుబాటు: తప్పు మాట్లాడినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు. ఆ నవ్వు మనకు కొత్త కాదు. బడిలో వెనక బెంచీ మీద, ఇంటర్వ్యూ గదిలో తిన్నదే. దాన్ని మన పేటలోకి రానివ్వం.

ఇంగ్లీషుకు గుడి కట్టమని మేం అనడం లేదు. ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన కులం పోదు. ఇంగ్లీషులోనే కులం అడిగేవాళ్ళున్నారు. అదొక పనిముట్టు, కొడవలి లాంటిది. పదును పెట్టకపోతే తుప్పు పడుతుంది, మన చేతిలో లేకపోతే ఎదుటివాడి చేతిలో ఉంటుంది.

ఈ వారమే మొదలెట్టండి. నలుగురు కూడండి, ఒక పేపరు, ఒక నోటుబుక్కు చాలు. మొదటి వాక్యంలోనే కర్త ఎవడో రాయండి.

జై భీమ్!