పొలం అమ్మి మూలకణాలా?

ఈ వారం టపాలో వచ్చిన జాబులలో ఒకటి నన్ను కలవరపెట్టింది. వ్రాసినది ఒక తల్లి. ఆమె కుమార్తెకు 29 ఏళ్లు. మూడేళ్లుగా కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. ప్రొద్దున లేచేసరికి వ్రేళ్లు బిగుసుకుపోయి గంటసేపటి దాకా జడ కూడా వేసుకోలేదట. "మందులన్నీ మాన్పించి మూలకణాలు ఎక్కిస్తే కుదురుతుందని ఒకచోట చెప్పారు. ఎకరం పొలం బేరం పెట్టాము. మీరేమంటారు?" అని అడిగారు.

అమ్మా, బేరం కొంచెం ఆపండి.

మన ఒంట్లో క్రిములను పట్టి చంపే కావలి బలగం ఒకటి వున్నది. ఈ జబ్బులో ఆ కావలివాళ్లే ఇంటివాళ్లను దొంగలనుకొని కొడతారు. కీళ్ల లోపలి పలుచని పొర మీద పడతారు. అది వాచి, మందమై, క్రమంగా ఎముకను కొరికేస్తుంది. ముసలితనంలో మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. పొరుగింటివారు చెప్పే నూనె మర్దనతో ఇది ఆగదు.

ఇక మూలకణాలు. ఎముకల మూలుగలోను, కొవ్వులోను, బొడ్డుత్రాడులోను మీసెంకైమల్ అనే ఒక జాతి కణాలు దొరుకుతాయి. ఇవి పోయి కొత్త కీలు కడతాయని చాలామంది అనుకుంటారు. పొరపాటు. నరానికి ఎక్కిస్తే వీటిలో అధికభాగం ఊపిరితిత్తులలో చిక్కుకొని కొద్ది రోజులలో మాయమవుతాయి. ఆ వ్యవధిలోనే కొన్ని రసాయనాలు విడిచి, రెచ్చిపోయిన రక్షక కణాలను చల్లబరుస్తాయి. వీధి తగవులో పెద్దమనిషి రెండు మాటలు చెప్పి తన దారిన పోయినట్లన్నమాట. ఆయన వెళ్లాక తగవు మళ్లీ రాదని పూచీ ఎవరిస్తారు?

ఇదంతా గాలికబురు కాదు. మూలుగ మార్పిడి తరువాత, కొత్తగా వచ్చిన రక్షక కణాలే శరీరాన్ని పీడిస్తున్న తొమ్మిదేళ్ల బాలుడికి స్వీడన్ వైద్యులు తల్లి మూలుగలోని ఈ కణాలు ఎక్కించి గుణం చూపించారు. ఆ సంగతి 2004లో ప్రకటించారు. పిల్లలలో అటువంటి జబ్బుకే 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ కణాల మందును అనుమతించింది. కీళ్లవాతం మాటకు వస్తే, 2017లో వెలువడిన స్పెయిన్ పరిశోధనలో, ఎన్నో మందులకు లొంగని 53 మందిలో 46 మందికి కొవ్వు నుంచి తీసిన కణాలు, ఏడుగురికి ఉత్త ద్రవం ఇచ్చారు. చాలామంది తట్టుకున్నారు, కొందరికి కొంత గుణం కనిపించింది. ఏడుగురితో పోల్చి మందు పనిచేస్తుందని ఎవరూ తేల్చలేరు.

మన భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం, అనుమతి పొందిన పరిశోధనలో తప్ప ఈ జబ్బుకు మూలకణాలు ఎక్కించరాదు. పరిశోధనే అయితే రోగి దగ్గర రుసుము పుచ్చుకోరాదు. ఎకరం ఖరీదు అడిగారంటేనే సంగతి తెలియడం లేదూ?

అన్నిటికంటె నన్ను భయపెట్టినది "మందులన్నీ మాన్పించి" అన్న మాట. ఎముక ఒకసారి కొరుక్కుపోతే తిరిగి రాదు. మీరు పంపిన చీటీలో మెథోట్రెక్సేటు వున్నది. అది భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యాన అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో తయారైన మందు. వారు 1948లో పోయారు. ఈ జబ్బుకు అక్కడ దానిని అనుమతించినది 1988లో. నలభై ఏళ్లు పరీక్షకు నిలిచిన మందును మీ అమ్మాయి మధ్యలో రెండుసార్లు మానిందని మీరే వ్రాశారు!

కీళ్లవాతపు నిపుణుడికి చూపించండి. మోతాదు పెంచవచ్చు, తోడుగా వేరే మందు కలపవచ్చు, అవసరమైతే బయోలాజిక్ సూదులున్నాయి. మెథోట్రెక్సేటు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అమ్మాయి బిడ్డను కనదలచుకుంటే ముందుగానే డాక్టరుతో చెప్పి మందు మార్పించుకోవాలి. ఇది మరువకండి.

పొలం బేరం ఏమైనదో నాకొక కార్డు వ్రాయండి.