ముందు బండిని చూసి నడిచే కార్లు

హైదరాబాదు, గుంటూరుల నుంచి సాగర్ చూడవచ్చే కార్లలో కొన్నింటికి ఇప్పుడొక కొత్త సదుపాయం ఉన్నది. డ్రైవరు మీట నొక్కి వేగం నిర్ణయిస్తే చాలు. ముందు పోయే వాహనం మందగిస్తే కారు తానూ మందగిస్తుంది, అది కదిలితే మళ్లీ వేగమందుకుంటుంది. అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ అని దీని పేరు. 1990లలోనే జపాను, జర్మనీ కార్లకు వచ్చిన ఈ ఏర్పాటు, 2021లో విడుదలైన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వంటి వాటితో మన రోడ్లపైనా వ్యాపించింది.

పల్నాటి రైతుకు ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. పంట బస్తాలతో బండ్లు వరుసగట్టి రాత్రంతా నడిచే రోజుల్లో ముందు బండి లాంతరు వెంట వెనుక ఎడ్లు పోయేవి, బండివాడు కునుకు తీసేవాడు. అయితే ఎద్దుకు దారిలోని గొయ్యి తెలిసేది, అడ్డంగా పడుకున్న గొడ్డూ తెలిసేది. యంత్రానికి అంత తెలివి లేదు.

కారు ముందుభాగంలోని రాడారు ప్రధానంగా కదిలే వాహనాలను పసిగడుతుంది. వంతెన రెయిలింగులు, బోర్డులు కూడా దానికి కనిపిస్తాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తే ప్రయాణం సాగదు గనుక, నిలిచి ఉన్నవాటిని చాలా కార్లలో అది అంతగా లెక్కచేయదు. ముందున్న కారు చటుక్కున పక్కకు తప్పుకొని, దాని ఎదుట ఆగిన లారీ బయటపడితే ఈ సదుపాయం ఆదుకుంటుందన్న హామీ లేదు. మలుపుల్లో ముందు వాహనం దాని చూపు నుంచి తప్పిపోతే, దారి ఖాళీ అయిందనుకొని వేగం పెంచనూ వచ్చు.

అనుభవజ్ఞులైన డ్రైవర్లు ఇది గ్రహించారు. విజయవాడ హైవే మీద, విశాలమైన దారిలో కాలికి విశ్రాంతిగా వాడుకుంటారు. అప్పుడూ పాదం బ్రేకుకు దగ్గరలోనే ఉంచుకుంటారు. ఊళ్లు రాగానే ఆపివేస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్ల ఎడమంటే 44 మీటర్లు. అంత ఖాళీ చూసి ఏ ఆటోనో దూరక మానదు, కారు బ్రేకు వేయక మానదు, వెనుకవాడు ఉలిక్కిపడక మానడు. కొత్తగా కారు కొన్నవారే మీట నొక్కి పరధ్యానంలో పడుతున్నారు. తాళాలిచ్చేటప్పుడు షోరూములవారు పాట పెట్టె ఎలా మోగుతుందో చూపినంత శ్రద్ధగా దీని లోపాలు కూడా చెప్పవలసి ఉన్నది.

మాచర్ల నుంచి ఎత్తిపోతల మీదుగా విజయపురి సౌత్‌కు వచ్చే 565వ జాతీయ రహదారిపై ఈ సదుపాయాన్ని నమ్ముకోవడం సాహసమే. గొర్రెల మందలు, వెనుక దీపం లేని ట్రాక్టర్లు, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు ఏ రాడారు లెక్కలోకి వస్తాయి? చీకట్లో ఎదురువచ్చే లైట్లకు మనిషి కళ్లే చెదురుతాయి.

తప్పంతా కారువారిదే అనడం మాత్రం న్యాయం కాదు. ట్రాక్టరు ట్రక్కుకు వెనుక రేడియం అంటించడానికి అయ్యే ఖర్చు ఎంత? ఆరబోత ఎత్తివేశాక ఆ రాళ్లను అక్కడే వదిలిపోవడం ఏమి న్యాయం? పోలీసు, రవాణా శాఖల వారు మిరప కోతలు మొదలయ్యేలోగా ట్రాక్టర్లన్నింటికీ వెనుక దీపాలు, రేడియం పట్టీలు ఉన్నవీ లేనివీ ఊరూరా తనిఖీ చేయాలి. లాంచీ స్టేషనుకు వచ్చే దారిలో, ఈ మీట ఇక్కడ ఆపివేయండి అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలి.